రక్తములోని ఉప్పు



1897 ఆగస్టు 20న మన సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ అను వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. కంటికి కనబడని అల్పమైనది ప్రాణము తీయునని ఈ ఊరిలో ఆనాడు తేటపడెను. అట్టి అల్పమైన సంగతి మరియొకటి వినుడి.

మన నెత్తురులో ఉప్పునకొక కొలత కలదు. వైద్యుల లెక్కలో సోడియము 135 మొదలు 145 వరకు ఉండవలెను. వైరస్ వలన పసిబిడ్డకు రొమ్ములో జలుబు చేరి ఎగఊపిరి వచ్చినప్పుడు, మెదడు విడుచు ఒక హార్మోను మూత్రమును తగ్గించును. ఒంటిలో నీరు నిలిచి ఉప్పు పలుచనగును. అది మితిమీరిన యెడల మెదడు వాచి మూర్ఛ వచ్చును.

1957లో హాలిడే, సీగర్ అను అమెరికా వైద్యులు పిల్లలకెక్కించు సెలైనుకు కొలత వ్రాసిరి: 10 కిలోల వరకు, కిలోకు రోజునకు 100 మిల్లీలీటర్లు. అది లోకమంతట మేలు చేసెను. గాని ఆ సెలైనులో ఉప్పు తక్కువ. నీరు నిలిచిన బిడ్డకు మరల నీరే పోసినట్లాయెను. కొందరు పసివారు ప్రాణములు విడిచిరి. 2018లో అమెరికా పిల్లల వైద్యుల సంఘము, 28 దినములు దాటిన పిల్లలకు రక్తముతో సమానమైన ఉప్పుగల సెలైనునే వాడుడని చెప్పెను.

తల్లులారా, ఆరు నెలలలోపు బిడ్డకు తల్లిపాలే చాలును, నీళ్లు పట్టకుడి. ఇంట ఉప్పునీళ్లును పోయకుడి. దగ్గుచున్న బిడ్డ మత్తుగా పడియున్నను, పాలు మానినను ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపొండి. “అయ్యా, నెత్తురులో ఉప్పు చూచితిరా?” అని అడుగుటకు సిగ్గుపడకుడి.