పట్టాల మధ్య సందు

రైలు పట్టాల మధ్య సందు ఎందుకు వదులుతారు? తెలుగు మీడియంలో చదువుకున్న ఎవరికైనా ఈ ప్రశ్న, దాని రెండు మార్కుల జవాబు కంఠతా వచ్చే ఉంటాయి. ఎండకు ఇనుము వ్యాకోచిస్తుంది, చోటు లేకపోతే పట్టా వంకర పోతుంది. జవాబులో తప్పేమీ లేదు. కాకపోతే ఇవాళ మన ప్రధాన రైలు మార్గాల్లో చూస్తే ఆ సందులు కిలోమీటర్ల తరబడి కనిపించవు. ఎండలేమో తగ్గలేదు. మరి ఆ వ్యాకోచం ఎటు పోయింది?

పాఠ్యపుస్తకం చెప్పని సంగతి ఇంకొకటుంది. మొదట్లో అతుకులు అన్ని ఉండటానికి కారణం ఎండ కాదు, పొడుగు పట్టా చేయడం చేతకాకపోవడం. పద్దెనిమిదో శతాబ్దం చివర ఇంగ్లండ్‌ గనుల్లో వేసిన పోత ఇనుము పట్టాలు మూడు నాలుగు అడుగులకు మించేవి కావు. పైగా పోత ఇనుము పెళుసు. చేత ఇనుమును రోలర్ల మధ్య సాగదీసి 15 అడుగుల పట్టా తీసే పద్ధతికి 1820లో బెడ్లింగ్టన్‌లో జాన్ బర్కిన్‌షా పేటెంటు పొందాడు. అతుకులు తగ్గాయి గానీ వాటి బాధ తగ్గలేదు. రెండు పట్టాల కొసలూ ఒకే ఇనుప కుదురులో కూర్చునేవి. చక్రం వచ్చి ఒక కొసను అణిస్తే రెండోది ఎత్తుగా నిలబడేది. మరుక్షణం చక్రం వెళ్లి ఆ మెట్టును గుద్దేది.

దీనికి మందు కనిపెట్టినవాడు విలియం బ్రిడ్జెస్ ఆడమ్స్. లండన్‌లో బో ప్రాంతంలో రైలు బండ్ల కార్ఖానా నడిపిన ఇంజనీరు. 1847లో రాబర్ట్ రిచర్డ్‌సన్‌తో కలిసి పేటెంటు తీసుకున్నాడు. పట్టాకు రెండు పక్కలా నడుము దగ్గర ఉండే పల్లంలో రెండు ఇనుప పలకలు ఆనించి, రెండు కొసలనూ కలిపి బిగించడం, అంతే. చీలిన తెరచాప కొయ్యకు నావికులు కట్టే ‘ఫిష్’ అనే దబ్బ పేరే ఆ పలకకూ వచ్చింది. అదే మన పత్రికల ప్రమాద వార్తల్లో తరచూ కనిపించే ఫిష్ ప్లేటు. చేపకూ దానికీ ఏ సంబంధమూ లేదు.

ఈ పలకలో గొప్పతనం బిగించడంలో కంటే కాస్త వదులుగా ఉంచడంలో ఉంది. పట్టాకు పెట్టే రంధ్రం బోల్టు కంటే కొంచెం పెద్దది. చలికి పట్టా ముడుచుకున్నా, ఎండకు సాగినా పలకల మధ్య జారగలగాలి. మన దగ్గర పాతకాలపు పట్టా పొడవు 13 మీటర్లు. మాఘమాసపు తెల్లవారుజామున 15 డిగ్రీలుండే పట్టా, మే నెల మధ్యాహ్నం 60 డిగ్రీలకు కాగితే సాగేది ఏడు మిల్లీమీటర్ల లోపే. ఆ ఏడు మిల్లీమీటర్ల కోసం ఎంత చాకిరీ! అందుకే వానాకాలం వెళ్లాక ఏటా గ్యాంగ్ వాళ్లు ఒక్కో అతుకు దగ్గరా నాలుగు బోల్టులూ విప్పి, పలకలు ఊడదీసి, తుప్పు గీకి, రంధ్రాల చుట్టూ పగుళ్లున్నాయేమో చూసి, గ్రాఫైటు పూత పూసి మళ్లీ బిగించేవారు. ఇది చేయకపోతే తుప్పు పట్టి పలక పట్టాను కరుచుకుంటుంది. అప్పుడు సందు కళ్లకు కనిపిస్తూనే ఉంటుంది, పని మాత్రం చేయదు.

వదిలిన సందు వదిలినట్టు కూడా ఉండదు. బండ్లు నడిచే వైపుకు పట్టాలు మెల్లగా జరుగుతాయి. ఒకచోట సందులు మూసుకుపోయి, ఇంకోచోట వేలు పట్టేంత తెరుచుకుంటాయి. చక్రాల దెబ్బలకు కొసలు అణుగుతాయి. అతుకు కింద కంకర నలిగి పిండవుతుంది, వాన పడితే బురదై పైకి చిమ్ముతుంది, స్లీపరు కుంగుతుంది, దెబ్బ ఇంకా పెరుగుతుంది.

ప్రయాణికుడికి మాత్రం ఇదంతా టకటక మనే లయ. 13 మీటర్ల పట్టాల మీద 47 సెకన్లలో ఎన్ని అతుకులు దాటితే బండి గంటకు దాదాపు అన్ని కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు. కావాలంటే లెక్క వేసి చూసుకోండి. అమెరికాలో ఆ లయే కొంప ముంచింది. అక్కడ పట్టాలు 39 అడుగులు, 40 అడుగుల వ్యాగన్లో పట్టాలి కదా మరి. ఎడమ, కుడి పట్టాల అతుకులు ఎదురెదురుగా కాక ఒకదాని తర్వాత ఒకటి వచ్చేవి. గంటకు 20–30 కిలోమీటర్ల మధ్య నెమ్మదిగా పోయే ఎత్తైన గూడ్సు వ్యాగన్లు ఒకసారి ఇటు, ఒకసారి అటు ఊగి, ఊపు పెరిగి పట్టా దిగిపోయేవి. వేగం పెంచితే సర్దుకునేది! రైలు ఎంత నెమ్మదిగా పోతే అంత క్షేమం అనుకునే మనబోటి వాళ్లకు ఇది మింగుడు పడదు.

అసలు ప్రమాదం ఉండేది బోల్టు రంధ్రంలోనే. 1967 నవంబర్ 5 ఆదివారం రాత్రి, హేస్టింగ్స్ నుంచి లండన్ వెళ్తున్న రైలు హిదర్ గ్రీన్ దగ్గర పట్టాలు తప్పి 49 మంది చనిపోయారు. అతుకు దగ్గర రంధ్రం నుంచి పాకిన పగులు వల్ల పట్టా కొసలో త్రికోణపు ముక్క ఊడిపోయింది. ఆ అతుకు కింద ఆధారం సరిగా లేకపోవడం దానికి తోడైంది. అప్పటికే మొదలైన అతుకులు తీసేసే పని బ్రిటన్‌లో ఆ తర్వాత జోరందుకుంది.

అతుకు లేకుండా ఉక్కును ఉక్కుతో కలిపే విద్య అప్పటికి పాతదే. జర్మన్ రసాయన శాస్త్రవేత్త హాన్స్ గోల్డ్‌ష్మిట్ 1895లో థర్మిట్ చర్యకు పేటెంటు తీసుకున్నాడు. నాలుగేళ్లకు ఎస్సెన్ నగరంలో ట్రామ్ పట్టాలను దానితో అతికారు. పని దగ్గర నిలబడి చూస్తే ఇప్పటికీ అబ్బురమే. రెండు కొసల మధ్య 25 మిల్లీమీటర్లు వదిలి, చుట్టూ మట్టి అచ్చు కట్టి, మంటతో ఎర్రగా కాలుస్తారు. పైన మూసలో అల్యూమినియం, ఇనుప ఆక్సైడ్ పొడి. అంటించగానే కళ్లు మిరుమిట్లు గొలిపే వెలుగు, కాసేపటికి కరిగిన ఉక్కు అచ్చులోకి దిగుతుంది. చల్లారకముందే పైన ఉబ్బినదాన్ని కోసేసి నున్నగా అరగదీస్తారు.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. కిలోమీటరు పొడవు పట్టాను స్వేచ్ఛగా వదిలేస్తే అదే 45 డిగ్రీల తేడాకు అర మీటరు సాగాలి. సాగదు. సాగనివ్వరు. బరువైన కాంక్రీటు స్లీపర్లు, వాటిని పట్టుకున్న స్ప్రింగు క్లిప్పులు, చుట్టూ దట్టంగా పోసిన కంకర కలిసి దాన్ని కదలకుండా నొక్కిపెడతాయి. రెండు చివర్లలో వంద మీటర్ల చొప్పున మాత్రమే కాస్త కదులుతుంది. మధ్యలో ఉన్నది కదలకుండానే బలాన్ని లోపల మింగుతుంది. మీటరుకు 60 కిలోలు తూగే పట్టాలో ఒక్కో డిగ్రీకీ పుట్టే బలం రెండు టన్నులకు కాస్త తక్కువ. 40 డిగ్రీల దగ్గర బిగించిన పట్టా రామగుండం ఎండకు 65కు చేరితే ఒక్కో పట్టాలో 45 టన్నుల పైన ఒత్తిడి. చలికాలం తెల్లవారుజామున తిరగబడి అంతే బలంతో లాగుడు. వేసవిలో వంకర పోవడం, చలికాలంలో విరగడం. ఆ రెండూ సమంగా ఉండేలా ఏ ఉష్ణోగ్రతలో బిగించాలో ఎంచుకోవడమే ఇక్కడ ఇంజనీరు చేసే పెద్ద పని. వేసవిలో కంకర కదిలించే పనులకు అన్ని ఆంక్షలు ఉండేదీ అందుకే.

నా మటుకు, పాత పట్టాకు ఒక సుగుణం ఉందనిపిస్తుంది. దాని జబ్బు కంటికి కనపడేది, చెవికి వినపడేది. ఇప్పుడు బలమంతా లోపలే ఉంటుంది, అల్ట్రాసోనిక్ యంత్రం వెతికితే తప్ప పగులు దొరకదు. అలాగని పాత రోజులే మేలని కాదు. బోల్టుల అతుకు ఎంత ప్రమాదకరమో 2013 జులై 12న ఫ్రాన్స్‌లో మళ్లీ తెలిసింది. పారిస్ దగ్గర బ్రెటిన్యీలో, బండిని ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లించే పాయింట్ల దగ్గర ఒక ఫిష్ ప్లేటు ఊడి తిరగబడి, ఏడుగురి ప్రాణాలు పోయాయి.

పాయింట్ల దగ్గర, సిగ్నళ్ల కోసం కరెంటు తెగ్గొట్టే చోట అతుకులు ఇంకా మిగిలే ఉన్నాయి. పట్టాల్లో పారే ఆ చిన్న కరెంటు బండి ఎక్కడుందో చెప్పడానికి పెట్టింది. అయితే పట్టా పూర్తిగా విరిగితే చాలాసార్లు ఆ కరెంటు తెగి సిగ్నల్ ఎర్రబడుతుంది. అడగకుండా దొరికిన కాపలా అది. ఇప్పుడు చాలాచోట్ల దాని బదులు చక్రాలు లెక్కపెట్టే యాక్సిల్ కౌంటర్లు వస్తున్నాయి. బండి సంగతి అవి బాగానే చెబుతాయి, విరిగిన పట్టా సంగతి చెప్పవు. అందుకే స్పానరు, సుత్తి, ఎర్ర జెండా పట్టుకుని రోజూ పట్టాల వెంట నడిచే కీమన్ ఉద్యోగం ఇంకా ఉంది.