దవడ ఎముక చెప్పే చరిత్ర

సూర్యాపేటలోనో, కోదాడలోనో, మిర్యాలగూడ పొలాల్లోనో పునాది తవ్వుతుంటే పాత దవడ ఎముక ఒకటి బయటపడిందనుకోండి. అరిష్టమని పారేయకండి. ముందు పళ్లు చూడండి. దవడ పళ్ల మీద నెలవంకల్లాంటి గీతలుంటే గడ్డి నెమరేసే పశువుది. కత్తి అంచుల్లా ఉంటే మాంసం తినే జంతువుది. గుండ్రని బొడిపెలుంటే పందిది కావచ్చు.

ఇప్పటి నంద్యాల జిల్లా బేతంచెర్ల దగ్గర బిలస్వర్గం గుహల్ని 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కుమారుడు తవ్వించారు. ఆ ఎముకల్ని పరిశీలించి లిడెక్కర్ 1886లో వివరాలు ప్రకటించాడు. ఒకప్పుడక్కడ ఖడ్గమృగాలు తిరిగేవట!

అయితే ఎముక సగం సాక్ష్యమే. ఎంత లోతున, ఏ మట్టిలో, ఏ పెంకుల పక్కన ఉందన్నదే మిగతా సగం. కడిగి గూట్లో పెట్టుకుంటే ఆ సగం పోయినట్టే. కదపకుండా గుర్తుపెట్టి పురావస్తు శాఖకు కబురు చేయండి. మొన్న చచ్చిన ఎద్దుదే అయితే మాత్రం, పోయేదేముంది?