వోల్టా నుంచి ఓటీ దాకా: ఘనా తూర్పు సీమలో హద్దులు, ఓట్లు (1884–2024)

ఘనా తూర్పు అంచున నేటి వోల్టా, ఓటీ రీజియన్లూ, వాటికి ఉత్తరాన డగ్బాన్ రాజ్యపు తూర్పు భాగమూ ఉన్నాయి. వందేళ్లకు పైగా ఈ నేల పాలకులూ, పాలనా విభాగాలూ పదేపదే మారాయి. హద్దు ఎక్కడ పడిందన్నది ఎంత ముఖ్యమో, నిర్ణయం తీసుకునేటప్పుడు ఎవరెవరి మాటను ఒక లెక్క కింద చేర్చారన్నదీ అంతే ముఖ్యమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తోంది.

ఒకే గీత, రెండు ఫలితాలు

1884లో జర్మనీ టోగోలాండ్‌ను రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. 1899 ఒప్పందంతో డగోంబాల రాజ్యమైన డగ్బాన్ రెండుగా చీలింది. వారి రాజు యా-నా పీఠమైన యెండి జర్మన్ల పాలు కాగా, పడమటి డగ్బాన్ బ్రిటిష్ వారికి దక్కింది. 1914 ఆగస్టులో బ్రిటిష్, ఫ్రెంచ్ సేనలు టోగోలాండ్‌ను ఆక్రమించాయి. 1919లో ఆ రెండు దేశాలూ గీసుకున్న హద్దు డగ్బాన్‌ను మళ్లీ ఒక్కటి చేసింది. దక్షిణాన అదే హద్దు ఎవే ప్రజలను విడదీసింది. హో, క్పాండు బ్రిటన్‌కు మిగిలాయి. యుద్ధకాలంలో బ్రిటిష్ అధీనంలో ఉన్న లోమె రేవు 1920లో ఫ్రాన్సుకు వెళ్లింది. 1907లో జర్మన్లు లోమె నుంచి క్పలిమే దాకా వేసిన రైలుమార్గం కూడా అటే పోయింది. రెండు వైపుల ఎవేలను కలపాలని అఖిల ఎవే మహాసభ 1946 తర్వాత ఐక్యరాజ్యసమితిని ఆశ్రయించింది.

1956: మొత్తం లెక్క, ప్రాంతాల లెక్క

నానాజాతి సమితి మాండేట్ కిందా, 1946 నుంచి ఐక్యరాజ్యసమితి ట్రస్టీషిప్ కిందా బ్రిటన్ తన వాటాను పాలించింది. అయితే ఉత్తర భాగాన్ని పక్కనే ఉన్న తన వలస గోల్డ్‌కోస్ట్ (నేటి ఘనా) ఉత్తర ప్రాంతాలతోనూ, దక్షిణ భాగాన్ని గోల్డ్‌కోస్ట్ కాలనీతోనూ కలిపి నడిపింది. 1956 మే 9న ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. స్వతంత్రం కాబోతున్న గోల్డ్‌కోస్ట్‌తో కలవడానికి 93,095 మంది, విడిగా ఉండటానికి 67,492 మంది ఓటేశారు. ఉత్తరం భారీగా విలీనాన్ని కోరింది. హో, క్పాండు జిల్లాల్లో మాత్రం విడిగా ఉండాలన్న వారే ఎక్కువ. మొత్తం లెక్కే చెల్లింది కనుక 1957 మార్చి 6న పుట్టిన ఘనాలో ఆ జిల్లాలూ భాగమయ్యాయి.

ఓటీ: కొత్త రీజియన్, పోయిన ఓటు

1992 రాజ్యాంగం ప్రకారం కొత్త రీజియన్ ఏర్పడాలంటే ఓటర్లలో కనీసం 50 శాతం పోలింగులో పాల్గొనాలి, పోలైన ఓట్లలో 80 శాతం అనుకూలంగా రావాలి. వోల్టా నుంచి ఓటీని విడదీయడంపై 2018 డిసెంబరు 27న వోల్టా ఉత్తర భాగంలో మాత్రమే రెఫరెండం జరిగింది. తమనూ అడగాలన్న దక్షిణ వోల్టా వాసుల వాదన నెగ్గలేదు. 2019లో దంబాయ్ రాజధానిగా ఓటీ ఏర్పడింది.

ఈ విభజన నష్టం సాంత్రోకోఫీ, అక్పాఫు, లిక్పే, లోలోబి ప్రాంతాల మీద పడింది. అవి ఓటీలో చేరాయి. కానీ వాటి పాత నియోజకవర్గం హోహోయే వోల్టాలోనే ఉండిపోయింది. 2020 డిసెంబరు 7న అక్కడి ఓటర్లు అధ్యక్షుడికి ఓటేయగలిగారు గానీ, పార్లమెంటు సభ్యుణ్ని ఎన్నుకోలేకపోయారు. ఆ ప్రాంతాల కోసం ఏర్పడిన గువాన్ నియోజకవర్గానికి 2024లో ఎన్నిక జరిగేదాకా పార్లమెంటులో వారి తరఫున మాట్లాడే మనిషి లేడు.

ముగింపు

1956లో జిల్లా మాట మొత్తం లెక్కలో కలిసిపోయింది. 2018లో మిగతా వోల్టాను లెక్కలోకి తీసుకోలేదు. 2020లో నాలుగు ప్రాంతాలకు పార్లమెంటు ఓటే లేకుండా పోయింది. రీజియన్‌ను విడగొట్టే ఉత్తర్వులోనే అక్కడి ప్రతి ఊరికీ నియోజకవర్గాన్ని నిర్ణయించాలి. అది తేలనంతవరకు ఆ ఉత్తర్వు అమల్లోకి రాకూడదు. ప్రాతినిధ్యం లేని నాలుగేళ్లను ఏ పాలనా సౌలభ్యమూ సమర్థించలేదు.