గ్రుడ్లను పొదిగిన వేడినీరు

మంచు మోకాలిలోతున పేరుకొను మిన్నెసోటా, అలాస్కా సీమలలో, ఇంటి గ్యారేజి కాంక్రీటు నేలలో సన్నని గొట్టములు పఱచి, వానిలో వేడినీటిని త్రిప్పి, గదినంతటిని అడుగునుండి వెచ్చజేయు పద్ధతి నేడు బాగుగా ప్రచారమందున్నది. ఈ విద్యకు తొలి గురువులలో నొకడైన ఫ్రెంచివాడు ఝాఁ సిమోన్ బొన్‌మేఁ, 1777లో తన గొట్టములను మానవగృహమునకు గాక కోడిగ్రుడ్లను పొదిగించుటకై అమర్చెనని చదివినప్పుడు నాకు పట్టరాని సంతోషము కలిగినది. ఆ సంతోషమే ఈ వ్యాసమునకు హేతువు.

గ్రుడ్డులోని ప్రాణము మిక్కిలి సుకుమారమైనది. సుమారు 37, 38 డిగ్రీల వేడిని 21 దినములపాటు, రేయింబవళ్లు, హెచ్చుతగ్గులు లేక అందించిన గాని అది పిల్ల కాదు. నిప్పుసెగ యందుకు పనికిరాదని గ్రహించిన బొన్‌మేఁ నీటి నాశ్రయించెను. క్రింద బాయిలరు నుంచి, దాని శిరస్సునుండి గొట్టమును పైకి నడిపినాడు. కాగిన నీరు తేలికయై తనంత తాను పైకెక్కి, గ్రుడ్లగదిలో వాలుగా సాగిన గొట్టములగుండ తన వేడిని పంచి, చల్లబడి బరువెక్కి, మరల బాయిలరు అడుగునకు చేరుచుండెను. త్రిప్పెడి యంత్రము లేదు, త్రోసెడి చేయి లేదు. ఇంతటితో తృప్తిపడక, రెండు లోహములు వేడికి సమానముగా వ్యాకోచింపవను సత్యమును పట్టుకొని, పొయ్యికి పోవు గాలిని తానే తగ్గించి తానే పెంచు నియంత్రకమును సైతము కల్పించెను. నేడు ఇండ్ల గోడలపైనున్న థర్మోస్టాటునకు ఆ చిన్న పరికరము పూర్వీకుడనుటలో అత్యుక్తి లేదు.

అంతకు ముందే, 1716లో, మార్టెన్ ట్రీవాల్డ్ అను స్వీడను దేశీయుడు ఇంగ్లండులోని న్యూకాసిలులో మొక్కల గాజుటింటిని వేడినీటితో కాచెను. మొక్కలకును గ్రుడ్లకును దక్కిన ఈ సౌఖ్యము సామాన్య మానవునికి చాల ఆలస్యముగా లభించినది. రోమకులు నేలక్రింద నడిపినది వేడిగాలి. కొరియావారి ఓండోల్ అను పద్ధతిలో నేలక్రింద పారునది పొయ్యిపొగ. పందొమ్మిదవ శతాబ్దమున నీరు ఇండ్లలో ప్రవేశించినను, ఇనుప రేడియేటర్లలో గోడప్రక్కనే నిలిచిపోయెను.

దానిని అమెరికా సామాన్య గృహపు నేలలోనికి దింపిన కీర్తిలో అధికభాగము వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైటుది. జపానులో ఒక కొరియా పద్ధతి గదిలో కూర్చుండి, నేల వెచ్చదనమునకు ముగ్ధుడైన ఆయన, 1937లో మాడిసన్ నగరమున జేకబ్స్ దంపతుల యింటికి నేలక్రింద వేడిగొట్టములు వేయించెను. విచిత్రమేమనగా, ఆ యింటికి గ్యారేజియే లేదు. కారునకు గోడలులేని కప్పుమాత్రము చాలునని రైటు మతము. 1947 మొదలు లెవిట్‌టౌను అను గృహసముదాయపు ఇండ్ల నేలలలో రాగిగొట్టములు పడినవి. వానిలో ననేకము కాలక్రమమున తుప్పుపట్టి కారగా, చిల్లు దొరకుటకు నేలనే పగులగొట్టవలసి వచ్చెను. 1960ల చివర జర్మనీలో థామస్ ఎంగెల్ రూపొందించిన అడ్డుబంధముల పాలిథీను గొట్టము ఆ దుఃఖమును తీర్చినది.

ఇప్పటి గ్యారేజిలో ముందుగా పాలీస్టైరీన్ పలకలు పఱచి, ఊచల జాలికి అడుగు దూరమున గొట్టములను కట్టి, గాలినింపి ఒత్తిడి నిలుచునో లేదో పరీక్షించిన పిమ్మటనే కాంక్రీటు పోయుదురు. నీరు గడ్డకట్టకుండ ప్రొపిలీన్ గ్లైకాలు కలుపుదురు. నేల వేడెక్కుటకు గంటలు పట్టును గనుక, దానిని పూటపూటకు ఆర్పి వెలిగింపక పది డిగ్రీలవద్ద నిలుపుట మేలు. కారునుండి రాలిన మంచు కరిగి తూమున పోవును. నేల పొడిగా నిలుచును. సౌఖ్యమే గాని, విద్యుత్తు ఆగినచో నీటిని త్రిప్పు పంపును ఆగును. సమతలమైన నేలలో నీరు తనంత నడువజాలదని యెఱిగియు, స్వభారముచే నిశ్శబ్దముగా తిరిగిన ఆ నీటిని కోల్పోతిమన్న చింత నన్ను విడువదు.

గ్యారేజి కట్టించుకొనువారికి నాదొక విన్నపము: కాంక్రీటు పోయుటకు ముందే గొట్టముల వరుసను ఫొటో తీయించి, గోడలనుండి కొలతలు వ్రాసి దాచుకొనుడు. కారు నెత్తు లిఫ్టు నమర్చుటకు పదియేండ్ల తరువాత నేలకు బెజ్జము వేయువానికి ఆ కాగితమే దిక్కు.