సేవ్ కానంటే పోయినట్టేనా?

1964లో ఐబీఎం తెచ్చిన ఎంటీ/ఎస్టీ టైపు యంత్రంలో రాసింది దాచడానికి వేరే మీట నొక్కాల్సిన పని లేదు. కొట్టిన అక్షరం కాగితం మీద పడుతూనే అయస్కాంత టేపులోకీ ఎక్కేది. చాలామందికి రాయడం ఒక పని, దాచడం మరో పని అయింది 1970ల చివర్లో, మైక్రోకంప్యూటర్లు వచ్చాక. రాస్తున్నది మెమరీలో ఉండేది, దాచుకోవాల్సింది ఫ్లాపీలో. ఫ్లాపీకి వేగం తక్కువ, చోటూ తక్కువ. అందుకని ఎప్పుడు దాచాలన్నది మనిషికే వదిలేశారు. 'సేవ్' అలా ఇరుకులోంచి పుట్టిన ఏర్పాటు. అది మొండికేసినప్పుడు రాసిందంతా పోయిందని బెంబేలెత్తుతాం గానీ, చరిత్ర చూస్తే ఆ మొండితనం చాలాసార్లు జాగ్రత్త కోసం పెట్టిందే.

1978లో వచ్చిన వర్డ్‌స్టార్‌నే తీసుకోండి. సేవ్ చేయమంటే అది పాత ఫైలు మీద దిద్దేది కాదు. కొత్త ప్రతిని పూర్తిగా రాసి, పాతదాన్ని బ్యాకప్‌గా పక్కన పెట్టేది. రెండింటికీ చోటు చాలకపోతే డిస్కు నిండిందంటూ ఆగిపోయేది. వాడేవాళ్లు తిట్టుకున్నారు, నిజమే. కానీ అలా ఆగినందువల్లే పాత ప్రతి చెక్కుచెదరకుండా మిగిలేది. రాస్తున్న ఫైలు మూయకుండానే అక్కర్లేని మరో ఫైలును చెరిపేసే ఆదేశం, గుర్తుపెట్టిన భాగాన్ని వేరే ఫైలుగా రాసే ఆదేశం కూడా అందులోనే ఉండేవి. తర్వాత మైక్రోసాఫ్ట్ వర్డ్ కూడా ముందు తాత్కాలిక ఫైలు రాసి, అది కుదిరాకే అసలు పేరు పెట్టే పద్ధతి పట్టింది. ఇంత తతంగం ఎందుకు, ఉన్న ఫైలులోనే మార్పులు చేర్చేయొచ్చుగా అంటారా? ఆ ముచ్చటా తీరింది. వర్డ్‌లోని 'ఫాస్ట్ సేవ్' మార్పులను ఫైలు చివర తగిలించేది. వేగం పెరిగింది గానీ ఫైళ్లు ఉబ్బిపోయాయి, కొట్టేసిన మాటలు లోపలే నక్కి ఉండేవి. చివరికి ఆ సదుపాయాన్నే ఎత్తేశారు.

కాబట్టి సేవ్ కానన్నప్పుడు చేయకూడని పని ఒక్కటే: ప్రోగ్రాం మూసేయడం. తెర మీద కనిపిస్తున్నది ఇంకా మెమరీలో ఉంది. వేరే పేరుతో వేరే డ్రైవులో సేవ్ చేయాలి. అదీ కాకపోతే మొత్తం కాపీ చేసి మరో ప్రోగ్రాంలో పేస్ట్ చేయాలి. ప్రోగ్రామే పక్క ప్రతి రాసుకునే ఆటోరికవరీ ఉందిగా అన్న ధీమా కొంతవరకే పనికొస్తుంది. ఆ ఆలోచన పాతదే: యునిక్స్‌లో వీఐ ఎడిటర్ కుప్పకూలినా పని తిరిగి తెచ్చే దారి ఉండేది, ఈమాక్స్ అనే మరో ఎడిటర్ దాదాపు 300 మీటలకోసారి పక్క ప్రతి రాసుకునేది. వర్డ్ మామూలుగా 10 నిమిషాలకోసారి రాస్తుంది. అయితే ఇవి కుప్పకూలడాన్ని దృష్టిలో పెట్టుకుని కట్టినవి. మనమే సేవ్ 'వద్దు' అని మూస్తే ఆ పక్క ప్రతినీ చెరిపేయడమే చాలాకాలం వర్డ్ పద్ధతి. అలా మూసినా చివరి ప్రతిని కొన్నాళ్లు ఉంచడం 2010 వెర్షన్‌తోనే వచ్చింది.

అన్నీ వాటంతటవే సేవ్ అయ్యే కాలంలో ఈ గొడవెందుకు అనొచ్చు. 2011లో యాపిల్ తన లయన్ వ్యవస్థలో అలాగే చేసి, 'సేవ్ యాజ్'ను తీసేసింది. జనం గోల పెడితే మరుసటి ఏడాది వెనక్కి తెచ్చింది. రాసింది ఉంచాలా వద్దా అన్న నిర్ణయం కూడా రచయిత పనిలో భాగమే మరి.

మరో ప్రోగ్రాంలో పేస్ట్ చేయడంలో తెలుగు రాసేవాళ్లకు ఓ మెలిక ఉంది. యూనికోడ్ తెలుగును నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి, 'ఆన్సి' అనే పాత ఎన్‌కోడింగ్ పద్ధతిలో సేవ్ చేస్తే అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలవుతాయి. ముందు ఒక హెచ్చరిక వస్తుంది గానీ, కంగారులో దాన్ని చదివేదెవరు? 2019 దాకా నోట్‌ప్యాడ్ తనంతట తాను ఎంచుకున్నది ఆ పద్ధతినే, ఆ తర్వాతే యూటీఎఫ్-8కు మారింది. విచిత్రమేమిటంటే, డీటీపీ వాళ్ల పాత అను ఫాంట్ల మ్యాటర్ అదే నోట్‌ప్యాడ్‌లో అర్థంకాని ఇంగ్లిషు గుర్తుల్లా కనిపించినా, తిరిగి పేజీలో పెట్టి ఆ ఫాంటు తగిలిస్తే మళ్లీ తెలుగవుతుంది. ప్రశ్నార్థకాలైన యూనికోడ్ తెలుగుకు ఆ వీలు లేదు. పాత కంప్యూటర్ మీద ఉంటే, సేవ్ నొక్కే ముందు ఎన్‌కోడింగ్ గడిలో యూటీఎఫ్-8 ఉందో లేదో చూసుకోవాలి.