యువాన్ రాజ్యమున సమసంఖ్యా విభాగము

1279లో చీనాదేశమును సంపూర్ణముగా జయించిన మంగోలు ప్రభువులు ప్రజలను నాలుగు తెగలుగా నేర్పఱచిరి: మంగోలులు, సెములనఁబడు పశ్చిమదేశీయులు, ఉత్తర చీనీయులు, దక్షిణ చీనీయులు. అధికారులను వరించు ప్రాచీన పరీక్షలు 1313 నాఁటి శాసనముచే పునరుద్ధరింపఁబడెను. మండలములయం దుత్తీర్ణులు 300, రాజధానియందు 100. ప్రతి తెగకును 75, 25 చొప్పున సమభాగము. చూడ నిది సమత్వమే. కాని జనసంఖ్యలో మంగోలు లత్యల్పులు. దక్షిణ చీనీయు లత్యధికులు. మఱియు మొదటి రెండు తెగలకు రెండు పరీక్షలే. తక్కినవారికి మూఁడు, అవియుఁ గఠినతరములు. ఉన్నతపదవులు పెక్కులు పరీక్షాపేక్ష లేక వంశక్రమముననే లభించుచుండెను. సమసంఖ్యాకములకే యథాసంఖ్యాన్వయము చెల్లునని వైయాకరణు లెఱుఁగుదురు. జనము లసమానములైనచోఁ బాళ్లు సమానములగుటయే వైషమ్యము. కావునఁ జరిత్రకారుఁడు పాళ్లకంటె ముందు పాలివారిని లెక్కింపవలెను.