పట్టాలేని భూమి, చరిత్రలేని జాతి

ఆదిమ జాతుల విధ్వంసం అనగానే మన దృష్టి సముద్రాలు దాటి పోతుంది. 1770లో కుక్ ఆస్ట్రేలియా తూర్పు తీరాన్ని తన రాజు పేర ప్రకటించడం, 1788లో సిడ్నీ రేవులో ఖైదీల ఓడలు దిగడం, వేల యేళ్లుగా మనుషులు బ్రతుకుతున్న నేలను ‘ఎవరిదీ కాని భూమి’గా పరిగణించడం మన విద్యార్థులు చదువుతారు, న్యాయంగానే ఆగ్రహిస్తారు. ఆ వాదం చెల్లదని ఆ దేశపు హైకోర్టు తీర్పు చెప్పడానికి 1992 దాకా పట్టింది. అయితే యీ కథ గోదావరి ఆవలిగట్టున, మన ఆదిలాబాదులో కూడా జరిగింది. ఇక్కడ ఓడలు లేవు. వచ్చినవారు తెల్లవారూ కారు. అందుకే అది మనకు ఆక్రమణగా తోచలేదు.

ఆదిలాబాదు గోండులు తమను కోయతూరులమని చెప్పుకుంటారు. వారు చరిత్రకు వెలుపల బ్రతికినవారు కారు. 1751లో నాగపూరు భోంసలేల వశమయ్యేదాకా చాందాలో రాజ్యమేలింది గోండు వంశమే. నాగలి వారికి కొత్త కాదు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల ‘సగ’లుగా వారి సమాజం ఏర్పడివుంది, పెళ్లి సంబంధాలు దాన్నిబట్టే సాగుతాయి. ఏ వంశం ఎక్కడినుంచి వచ్చిందో, ఏ ‘పెన్’ ఎక్కడ వెలసిందో పర్ధానులు కిక్రి వాయిస్తూ గానం చేస్తారు. పుష్యమాసపు అమావాస్యకు మెస్రం వంశస్థులు కాలినడకన గోదావరి జలం తెచ్చి కెస్లాపూర్ నాగోబాను కొలుస్తారు. దేవుడూ, వంశమూ, నేలా ఒకే కథలో ముడిపడివున్న సమాజమిది. భూమి హక్కుకు ఆ కథే వారి దస్తావేజు.

ఈ దస్తావేజును చదవగల కచేరీ నిజాం రాజ్యంలో లేకపోయింది. తేలిక నేలలను గోండు కొన్నేళ్లు సాగుచేసి, తిరిగి సత్తువ పుంజుకొనేందుకు బీడు వదిలేవాడు. అతని లెక్కలో అది విశ్రాంతి తీసుకుంటున్న సొంత పొలం. పట్వారీ లెక్కలో అది ఎవరిదీ కాని బంజరు. జంగ్లాతువారి లెక్కలో అది రిజర్వు అడవి. సిడ్నీ రేవులో చెప్పిన అబద్ధమే యిక్కడ రెవిన్యూ భాషలో పలికింది. 1929లో కాజీపేట – బల్లార్షా రైలుమార్గం పూర్తయింది. నల్లరేగడికి, కలపకు గిరాకీ పెరిగింది. పట్టాలు పట్టణాల్లో కూర్చున్నవారి పేర పుట్టాయి. నిన్నటి సొంతదారు తన పొలంలోనే కౌలుదారయ్యాడు.

ఈ అన్యాయాన్ని ఎదిరించిన కొమురం భీము, ఆయన సహచరులు 1940లో జోడేఘాట్ కొండల్లో పోలీసు తూటాలకు బలయ్యారు. ఆ తరువాతనే ప్రభుత్వానికి గోండుల బాధ తెలుసుకోవాలన్న బుద్ధి పుట్టింది. ఆ పనికి కుదిరినవాడు హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు. ఆయన మార్లవాయిలో నివసించి, అక్కడ 1943లో గోండు ఉపాధ్యాయుల శిక్షణకు కేంద్రం నెలకొల్పి, దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారుచేయించాడు. వేలాది కుటుంబాలకు పట్టాలిప్పించడానికి కారకుడయ్యాడు. ఈ మేలును కాదనడం కృతఘ్నత. కాని ఒక సంగతి మరువరాదు: గోండుల మాట కచేరీకి వినిపించడానికి ముందు వారి నెత్తురు, తరువాత ఒక ఐరోపావాసి నివేదిక అవసరమయ్యాయి. వారి పక్కనే వున్న తెలుగు విద్యావంతుడు అప్పుడు ఏం చేస్తున్నాడు?

నిజాం పోయాడు, వలస ఆగలేదు. 1959 నాటి భూబదలాయింపు నిషేధచట్టం తెలంగాణకు వర్తించడానికి 1963 దాకా ఆగవలసివచ్చింది. దానికి కోరలు తొడిగిన సవరణ 1970లో వచ్చింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండులపై కాల్పులు జరిగాయి. భీము తరంలో అడిగిందే, నలభై యేళ్ల తరువాత, ప్రజాస్వామ్యంలోనూ అడగవలసివచ్చిందన్నమాట.

‘వలస వచ్చినవారిలోనూ పేదలున్నారు కదా’ అని కొందరు మిత్రులంటారు. నిజమే. సిడ్నీలో దిగిన ఖైదీలు కూడా ఇంగ్లండు పాలకవర్గం వెళ్లగొట్టిన పేదలే. తన దేశంలో భూమి సమస్యను పరిష్కరించని పాలకవర్గం, ఒక పేదవాణ్ణి మరొక పేదవాని పొలంలోకి తోలి, చేతులు కడుక్కుంటుంది. కరీంనగర్ దొరల భూములు పంచివుంటే గోదావరి దాటవలసిన రైతులు ఎందరు మిగిలేవారు? కాబట్టి వలస రైతును తిట్టడం పరిష్కారం కాదు. అతని పేదరికాన్ని సాకుచేసుకొని గోండు హక్కును త్రోసిపుచ్చడం అంతకన్నా కాదు.

2016లో ఒక జిల్లాకు కొమురం భీము పేరు పెట్టుకున్నాం. మంచిదే. కాని పేరు పెట్టినంత సులభంగా భూమి తిరిగి రాదు. చరిత్ర బోధించే ఉపాధ్యాయునికి యిక్కడ ఒక పని వుంది. ఊరి పహాణీని ఒక చేత, పర్ధాను చెప్పే వంశకథను ఒక చేత పట్టుకొని, రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవడం నేర్పాలి. ఆ రెంటికీ ఎక్కడ పొసగదో అక్కడే మన ప్రాంతపు చరిత్ర మొదలవుతుంది.